ఊపిరి తయారయ్యే ఊరు

ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో హోమ్స్ చాపెల్ అనే పల్లె ఉంది. చుట్టూ పచ్చిక బయళ్లు, పాడి ఆవులు. ఎనభై ఏళ్లకు పైగా అక్కడ మందులు తయారవుతున్నాయి. ఉబ్బసం మనిషి పొడిమందును తన ఊపిరితోనే లోపలికి లాక్కునే పద్ధతికి గట్టి పునాది పడింది ఆ ఊరి మందుల కంపెనీ చేతుల్లోనే. మందును కనిపెట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. దాన్ని ఒంట్లో చేరాల్సిన చోటికి చేర్చే ఫార్ములేషన్ కెమిస్టుల పేర్లు ఎక్కడా కనబడవు. ఈ కథనం వాళ్ల పని గురించి.

మాంచెస్టర్ నుంచి క్రూ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలెక్కితే కాసేపటికి ఊళ్లు పలచబడి పొలాలు మొదలవుతాయి. పొలాల అవతల జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ తెల్లగా తలెత్తుకుని కనిపిస్తుంది. 1957 నాటిది, అడ్డకొలత 76 మీటర్లు. ఆ తర్వాత డేన్ నది లోయ మీద 23 కమానుల వంతెన. అది దాటగానే హోమ్స్ చాపెల్ స్టేషన్. జనాభా కొన్ని వేలు. ఊరి నడుమ పాత చర్చి, దాని చుట్టూ నాలుగు దుకాణాలు. పాప్ గాయకుడు హ్యారీ స్టైల్స్ పెరిగిన ఊరు కాబట్టి, కుర్రతనంలో అతను పనిచేసిన బేకరీని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో అభిమానులు వస్తుంటారు. వాళ్లలో కొందరి బ్యాగుల్లో ఇన్‌హేలర్ ఉండే ఉంటుంది. అలాంటివి తయారయ్యే చోటు ఆ పక్కనే ఉందని వాళ్లకు ఎవరైనా చెబితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

నేను ఫార్ములేషన్ మనిషిని. హైదరాబాద్ శివారులో మాత్రలతో మొదలుపెట్టి, ఇప్పుడు ఈ చెషైర్ పొలాల మధ్య ఒక చిన్న ల్యాబ్‌లో పీల్చే మందులతో కుస్తీ పడుతున్నాను. కాబట్టి ఈ ఊరి మీద నాకున్న మమకారం విలేకరిది కాదు, ఇదే వృత్తిలో ఉన్నవాడిది.

ఊరి చివర ఉన్న మందుల ఫ్యాక్టరీ కథ బెంగర్స్ అనే కంపెనీతో మొదలైంది. జబ్బుపడి లేచినవాళ్లకు, పసిపిల్లలకు, వృద్ధులకు వేడి పాలలో కలిపి ఇచ్చే జీర్ణశక్తి పిండిని అమ్మి పేరు తెచ్చుకున్న మాంచెస్టర్ సంస్థ అది. గోధుమపిండికి క్లోమగ్రంథి ఎంజైములు చేర్చి, తినబోయేవాళ్ల కడుపు చేయాల్సిన పనిలో కొంత గిన్నెలోనే జరిగిపోయేలా చేశారు. ఆలోచిస్తే అదీ ఫార్ములేషనే. 1930ల చివర్లో ఆ సంస్థ ఈ పల్లెకు తరలివచ్చింది. 1947లో ఎరువుల వ్యాపారంలో ఉన్న ఫైసన్స్ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత గేటు మీద బోర్డు ఎన్నోసార్లు మారింది. ఇన్‌హేలర్లు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు మాత్రం ఈనాటికీ అక్కడ తయారవుతూనే ఉన్నాయి. మా ల్యాబ్‌లో పనిచేసే ఒక టెక్నీషియన్ నాయనమ్మ బెంగర్స్ పిండి డబ్బాలకు మూతలు బిగించేదట. ఇక్కడ మందుల పని వ్యవసాయంలాగే కుటుంబాల్లో దిగి వస్తుంది.

1956లో ఆ బెంగర్స్‌లో ఒక డాక్టరు చేరాడు. పేరు రోజర్ ఆల్టూన్యన్. పుట్టింది 1922లో, సిరియాలోని అలెప్పోలో. ఆర్మీనియన్ కుటుంబం. తాత అక్కడ పేరున్న ఆసుపత్రి కట్టిన వైద్యుడు, తండ్రీ వైద్యుడే. తల్లి వైపు వాళ్లది ఇంగ్లండ్‌లోని సరస్సుల సీమ. ఆర్థర్ రాన్సమ్ 1930లో పిల్లల కోసం రాసిన 'స్వాలోస్ అండ్ అమెజాన్స్' నవలలో రోజర్ అనే చిన్నవాడికి పేరు ఇచ్చింది ఈ రోజరే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు, ఇతరులకు నడపడం నేర్పాడు. ఆ తర్వాత వైద్యం చదివాడు. ఒంటినిండా ఎగ్జిమా, దానికి తోడు ఉబ్బసం.

పరిశోధనకు అతను ఎంచుకున్న రోగి తానే. గినీ పందుల వెంట్రుకలు తనకు పడవని అతనికి తెలుసు. వాటిని నానబెట్టి తీసిన సారాన్ని తుంపరలుగా పీల్చి, ఆయాసం కావాలని తెచ్చుకునేవాడు. అంతకు ముందు పరీక్షించాల్సిన కొత్త పదార్థాన్ని పీల్చేవాడు. గొట్టంలోకి ఊది, ఊపిరి ఎంత పడిపోయిందో కొలుచుకునేవాడు. ఇలా ఏళ్ల తరబడి, వందలసార్లు. ఉబ్బసం పట్టినప్పుడు ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటుందని మన ఇళ్లల్లో అంటారు. ఆ బండను ఈయన తన చేతులతో తానే ఎత్తి పెట్టుకున్నాడు. జంతువుల మీద చేసే పరీక్షలు మనిషి ఉబ్బసం సంగతి సరిగ్గా చెప్పవని అతని నమ్మకం. చివరికి చేతికి దొరికిన మందు విషయంలో ఆ నమ్మకం నిజమైంది.

వాళ్లు పట్టుకున్న దారి ఖెల్లిన్. తూర్పు మధ్యధరా తీరంలో పెరిగే, వాము కుటుంబానికే చెందిన ఒక మొక్క గింజల్లో ఉండే పదార్థం అది. బిగుసుకున్న కండరాలను సడలిస్తుందని అక్కడి జనం తరాలుగా వాడారు. దాని అణువును రసాయన శాస్త్రవేత్తలు రకరకాలుగా మార్చి ఇస్తూ పోయారు, ఆల్టూన్యన్ పీలుస్తూ పోయాడు. 1965లో సోడియం క్రోమోగ్లికేట్ దొరికింది. వచ్చిన ఆయాసాన్ని అది తగ్గించదు. ముందే పీల్చి ఉంటే మాత్రం ఆయాసాన్ని రానివ్వదు. ఉబ్బసానికి అప్పటిదాకా ఆ తరహా మందు లేదు.

మా వృత్తి కథ అసలు ఇక్కడి నుంచి మొదలవుతుంది. క్రోమోగ్లికేట్‌ను మాత్రగా మింగితే దాదాపు అంతా పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది, ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు మాత్రమే. పైగా మోతాదు పెద్దది, ఒక్కోసారికి 20 మిల్లీగ్రాములు. అప్పటికే వాడుకలో ఉన్న గ్యాసు ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో మైక్రోగ్రాముల లెక్కన మందు వదిలేది. అందులో ఇంత పొడి ఇమడదు. మందు చేతిలో ఉంది, దాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపే దారి లేదు. ఎన్నో మందులు సరిగ్గా ఈ గట్టు మీదే ఆగిపోయాయి. క్రోమోగ్లికేట్ ఆగిపోకపోవడానికి కారణం స్పిన్‌హేలర్.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. లోపల సూది మీద తిరిగే చిన్న ప్రొపెల్లర్. పొడి నింపిన క్యాప్సూల్‌ను దానికి బిగిస్తారు. పైతొడుగును ఒకసారి కిందికి లాగి పైకి తోస్తే క్యాప్సూల్‌కు రెండు చిల్లులు పడతాయి. నోట్లో పెట్టుకుని గట్టిగా పీలిస్తే ప్రొపెల్లర్ గిర్రున తిరుగుతుంది, అదురుతుంది, క్యాప్సూల్ లోంచి పొడి చిమ్ముతుంది. విమానం నడిపిన మనిషికే ఈ ఊహ తట్టిందని చెబుతారు. ఊహ ఒకరిదే కావచ్చు. ఆ పొడి ప్రతిసారీ ఒకే తీరున బయటికి వచ్చేలా చేయడం మాత్రం ఒకరితో అయ్యే పని కాదు. ఆ పరికరాన్నీ పొడినీ కలిపి వివరించిన పరిశోధన పత్రం 1971లో అచ్చయింది. రాసినవాళ్లు బెల్, హార్ట్‌లీ, కాక్స్. ఆల్టూన్యన్ మీద ఎన్నో వ్యాసాలు దొరుకుతాయి. ఈ ముగ్గురి మీద ఒక్కటి నా కంట పడలేదు. అది నన్ను బాధిస్తుంది.

పొడిని పీల్చడంలో ఉన్న చిక్కు ఏమిటో చెప్పాలి. ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాల దాకా వెళ్లాలంటే రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. మన తల వెంట్రుక మందం అటూ ఇటూగా 70 మైక్రాన్లు. అయిదు దాటిన రేణువు గొంతు వెనక గోడకు కొట్టుకుని కడుపులోకి జారిపోతుంది. మరీ సన్నదైతే పీల్చినట్టే పీల్చి ఊపిరితో బయటికి వదిలేస్తాం. సరే, మందును జెట్ మిల్లులో వేసి, గాలి వేగంతో రేణువులను ఒకదానికొకటి కొట్టుకునేలా చేసి ఆ సైజుకు తెస్తాం. తీరా అంత సన్నం చేశాక అది పొడిలా ప్రవర్తించడం మానేస్తుంది. ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, గోడను పట్టుకుంటుంది, చెంచాను పట్టుకుంటుంది. విద్యుదావేశంతో పైకి ఎగిరి గ్లౌజుకు అంటుకుంటుంది.

సంక్రాంతి ముగ్గు వేసే చేతికి ఈ సంగతి తెలుసు. మెత్తటి బియ్యప్పిండి ఒక్కటే అయితే వేళ్ల సందుల్లోంచి తీగలా జారదు, ముద్దలు పడుతుంది. అందుకే బరకగా ఉండే ముగ్గురాయి పొడి కలుపుతారు. మేమూ అంతే. మందుకు బరక లాక్టోజ్ కలుపుతాం. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర, జున్ను తీశాక మిగిలిన నీటి నుంచి తీస్తారు. మందు రేణువులు పెద్ద లాక్టోజ్ రేణువుల వీపు మీద ఎక్కి కూర్చుంటాయి. క్యాప్సూల్‌లో నింపేదాకా గట్టిగా పట్టుకుని ఉండాలి. రోగి పీల్చిన క్షణంలో వదిలేసి ముందుకు సాగాలి, లాక్టోజ్ గొంతులో ఆగిపోవాలి. మరీ గట్టిగా పట్టుకుంటే రెండూ గొంతులోనే ఉండిపోతాయి. పట్టు చాలకపోతే మిక్సర్‌లోనే విడిపోయి, ఒక క్యాప్సూల్‌లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడుతుంది. ఫార్ములేషన్ కెమిస్టు జీవితం ఈ రెంటి నడుమనే గడుస్తుంది. సన్న లాక్టోజ్ కాస్త ముందుగా కలిపితే పెద్ద రేణువుల మీద మరీ జిగురుగా ఉండే చోట్లను అది ఆక్రమించి, మందును తేలిగ్గా వదిలేలా చేస్తుంది. ఎంత కలపాలి, ఎప్పుడు కలపాలి, మిక్సర్ ఎన్ని నిమిషాలు తిరగాలి అన్నది బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేసి చూస్తేనే తెలుస్తుంది.

చేసిన పొడి మంచిదా కాదా అని అడగాల్సింది ఇంపాక్టర్ అనే యంత్రాన్ని. ఉక్కు పెట్టె, తెరిస్తే లోపల వరసగా ఏడు గిన్నెలు, చివర సన్న రంధ్రాల జల్లెడ గిన్నె. ముందు భాగంలో మనిషి గొంతులా లంబకోణంలో వంగిన లోహపు గొట్టం. దాని మూతికి ఇన్‌హేలర్ తగిలించి, పంపుతో నాలుగు లీటర్ల గాలి లాగుతాం. అది నిండుగా పీల్చిన ఒక ఊపిరికి లెక్క. లావు రేణువులు ముందు గిన్నెల్లో, సన్నవి వెనక గిన్నెల్లో పడతాయి. లాగడానికి పట్టేది సెకన్లు. ఆ తర్వాత గొంతునూ గిన్నెలనూ ఒక్కొక్కటిగా ద్రావకంతో కడిగి, ఆ కడుగునీళ్లను హెచ్‌పీఎల్‌సీ అనే కొలత యంత్రంలో పెట్టి, ఎక్కడెంత మందు పడిందో లెక్కకట్టేసరికి పూట గడిచిపోతుంది. గిన్నె అంచున వేలిముద్రంత పొడి మిగిలిపోయినా ఫలితం తప్పుతుంది. ఈ పనిలో ఆరితేరినవాళ్లు గిన్నెను వంచి ద్రావకాన్ని అంచు చుట్టూ ఒక్క తిప్పు తిప్పుతారు, చుక్క బయట పడదు. మా ఊరి ఆడవాళ్లు బియ్యం కడగడంలో చూపే నైపుణ్యాన్ని ఎవరూ డిగ్రీలో రాయనట్టే దీన్నీ రాయరు.

స్పిన్‌హేలర్ రోజుల్లో 20 మిల్లీగ్రాముల మందు పీలిస్తే ఊపిరితిత్తుల్లో పడేది పదో వంతు, చాలాసార్లు అంతకంటే తక్కువే. మిగతాదంతా నోట్లో, గొంతులో, క్యాప్సూల్‌లో. అయినా పిల్లలు బడికి వెళ్లగలిగారు. ఆ తర్వాత పీల్చే స్టెరాయిడ్లు వచ్చి క్రోమోగ్లికేట్‌ను పక్కకు నెట్టాయి. కళ్ల దురదకు వేసుకునే చుక్కల మందుగా అది ఇంకా దొరుకుతోంది. ఆల్టూన్యన్ 1987లో చనిపోయాడు. క్యాప్సూల్‌లో పొడి, ప్లాస్టిక్ పరికరం, రోగి సొంత ఊపిరి అన్న పద్ధతి మాత్రం బతికింది. తెలుగు నేల మీద ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చే రోటాహేలర్, దాని క్యాప్సూళ్లు ఆ కుదురులోవే.

మా పిన్ని ఖమ్మంలో వాడేది అదే. ఉబ్బసం ఆమెకు చిన్ననాటి నుంచీ ఉంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం వరసలో నిలబడ్డ జ్ఞాపకం కూడా ఉంది. కిందటి వానాకాలం ఫోన్‌లో, "మందు పని చేయట్లేదురా, పీలిస్తే ఏమీ వస్తున్నట్టు లేదు" అంది. ఎక్కడ పెడుతున్నావు పిన్నీ అని అడిగితే, స్ట్రిప్పులోంచి అన్నీ ఒకేసారి తీసి స్టీలు డబ్బాలో పోసి పొయ్యి పక్క అలమరలో పెట్టిందట, రోజూ చింపే బాధ లేకుండా. నాకు గుండె కలుక్కుమంది. జెలటిన్ క్యాప్సూల్ గోడలో నీటి శాతం 13 నుంచి 16 మధ్య ఉండాలి. ఎండితే పెళుసై, గుచ్చినప్పుడు పెచ్చులు లేస్తుంది. తేమ పీలిస్తే మెత్తబడి సరిగా తెరుచుకోదు, లోపలి పొడి గడ్డకట్టి గోడకు అంటుకుంటుంది. పొయ్యి మీద అన్నం ఉడికే ఆవిరి, బయట వాన. రెండు, మూడేళ్లు నిలిచేలా మేం చేసిన పొడి ఆ డబ్బాలో వారం నిలవదు.

"అంత సున్నితమైతే ఆ మాట డబ్బా మీద తెలుగులో రాయొచ్చుగా?" అంది పిన్ని. రాయాలి. నిజంగా రాయాలి. వాడే ముందు మాత్రమే తీయాలని, క్యాప్సూల్‌ను మింగకూడదని, ముందు గాలి పూర్తిగా వదిలి అప్పుడు గట్టిగా లోతుగా పీల్చాలని, పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలని, స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించాలని. ఇన్‌హేలర్ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఇంపాక్టర్‌లో మేం లాగే నాలుగు లీటర్ల గాలి ఆరోగ్యవంతుడి ఊపిరి. డెబ్బై ఏళ్ల ఆమె ఆయాసంలో అంత లాగలేదు. పొడిని ఎంత బాగా తయారుచేసినా మిగతా సగం పని రోగి చేతిలోనే ఉంటుంది. ఆ చేతికి దాని భాషలో చెప్పడం కూడా ఫార్ములేషన్‌లో భాగమేనని నా గట్టి అభిప్రాయం.

పొడి సంగతి ఇలా ఉంటే గ్యాసు ఇన్‌హేలర్లది ఇంకో కథ. హోమ్స్ చాపెల్ ఫ్యాక్టరీ ఇప్పుడు బతుకుతున్నది ఎక్కువగా వాటి మీదే. ప్రతి పఫ్‌కూ కొలిచిన మోతాదు వదిలే తొలి ఇన్‌హేలర్ 1956లో అమెరికాలో వచ్చింది, అందులో మందును తోసే గ్యాసులు సీఎఫ్‌సీలు. ఓజోన్ పొరను అవి తినేస్తున్నాయని తేలి, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. బయటివాళ్లు ఒక గ్యాసు తీసేసి ఇంకో గ్యాసు పోస్తే సరిపోతుంది అనుకున్నారు. సరిపోలేదు. రేణువులు అంటుకోకుండా, వాల్వు సులువుగా కదిలేలా వేసే ఓలియిక్ ఆమ్లం, లెసిథిన్ లాంటివి పాత గ్యాసులో కరిగేవి. కొత్త హెచ్‌ఎఫ్‌ఏ గ్యాసులో కరగవు. కరిగించడానికి ఆల్కహాల్ చేరిస్తే తుంపర సైజు మారుతుంది, కొన్నిసార్లు మందే కరిగి మళ్లీ పెద్ద స్ఫటికాలుగా పెరుగుతుంది. వాల్వులోని రబ్బరు పాత గ్యాసులో ఉబ్బినట్టు కొత్తదాంట్లో ఉబ్బదు, లీకవుతుంది. డబ్బా, వాల్వు, మందు, అన్నీ మొదటి నుంచి. సీఎఫ్‌సీ లేని తొలి ఇన్‌హేలర్లు బజారుకు వచ్చేసరికి 1990లు సగం గడిచాయి.

ఆ హెచ్‌ఎఫ్‌ఏలు ఓజోన్‌కు హాని చేయవు కానీ భూమిని వేడెక్కిస్తాయి. వాటిలో 134ఏ అనే రకం ఒక కిలో, వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 227 అనే రకమైతే మూడు వేల పైనే. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ కర్బన భారంలో దాదాపు 3 శాతం ఇన్‌హేలర్లదేనని వాళ్ల లెక్క. అందుకని ఇప్పుడు మళ్లీ మార్పు. 152ఏ, 1234జెడ్ఈ అనే రెండు గ్యాసులు ముందుకొచ్చాయి. రెండోదాని వేడి ప్రభావం దాదాపు లేనట్టే. దాంతో చేసిన ఒక ఇన్‌హేలర్‌కు 2025లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. హోమ్స్ చాపెల్‌లోనూ కొత్త గ్యాసుల మీద పని నడుస్తోంది. 152ఏకు మంట అంటుకునే గుణం ఉంది. అందుకే నింపే గది గోడల నుంచి స్విచ్‌ల దాకా కొత్తగా కట్టుకోవాలి.

పల్లెలో ఈ పని ఎందుకు సాగుతుందని మన వాళ్లు అడుగుతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. కరివేపాకు కోసం మాంచెస్టర్ పోవాలి. పొరుగాయన ఏడాదిపాటు వాతావరణం గురించి తప్ప మాట్లాడడు, ఒకసారి జ్వరమొస్తే మాత్రం గుమ్మంలో సూప్ గిన్నె పెట్టి వెళ్తాడు. నాకు తోచిన కారణం ఒకటే, ఇక్కడ మనుషులు కదలరు. ఇరవై ఏళ్ల కింద ఫలానా వాల్వు ఫలానా చలికాలంలో ఎందుకు ఇరుక్కుపోయిందో చెప్పగల మనిషి ఇంకా అదే బెంచీ దగ్గర ఉంటాడు. సీఎఫ్‌సీ మార్పును చేతులతో చేసినవాళ్లు పక్కనుండి ఈ మార్పుకు దారి చూపుతున్నారు. హైదరాబాద్‌లో మా తరం రెండేళ్లకో కంపెనీ మారింది, జీతాలు అలాగే పెరిగేవి. నేర్చుకున్నది కూడా మాతోనే గేటు దాటి వెళ్లిపోయేది.

ఈ మార్పు మనకూ వస్తుంది. 2016 కిగాలి ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. 2032 నుంచి, హెచ్‌ఎఫ్‌ఏలు కూడా చేరిన హెచ్‌ఎఫ్‌సీల వాడకాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. 2032 దూరంగా కనిపిస్తుంది. మా లెక్కలో కాదు. కొత్త గ్యాసుతో తయారుచేసిన డబ్బాలను 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చూడాలి. వేడి, తేమ బాగా ఉండే దేశాల కోసమైతే 30 డిగ్రీలు, 75 శాతం తేమలో గడువు ముగిసేదాకా ఉంచాలి. రెండేళ్ల గడువైతే రెండేళ్లు, మూడేళ్లయితే మూడేళ్లు. అంతకు ముందు ఫార్ములా కుదరడానికి ఏళ్లు, మనుషుల మీద పరీక్షలకు ఏళ్లు. బాచుపల్లిలోనో, పాశమైలారంలోనో, జడ్చర్లలోనో ఈ పని తలకెత్తుకునేవాళ్లు ఈ ఏడాదే మొదటి డబ్బాలను ఆ వేడి, తేమల చాంబర్‌లో పెట్టాలి. ఇప్పుడు ఎమ్.ఫార్మసీ రెండో ఏడాది చదువుతున్న పిల్లలు ఆ డబ్బాలను బయటికి తీసేనాటికి సీనియర్లు అయివుంటారు.